కడుపు మీద చెయ్యి

దేవదాస్ భైంసా దవాఖానాకు డాక్టరుగా వచ్చి అప్పటికి నాలుగు నెలలు. 1957వ సంవత్సరం, మాఘమాసం. పత్తి బండ్లు పొద్దున్నే గింజ తీసే జిన్నింగు మిల్లుల దిక్కు వరస కట్టేవి. దవాఖానా కిటికీ చువ్వల మీద, బల్లల మీద, సూదులు ఉడకబెట్టే గిన్నె మూత మీద కూడా తెల్లటి నూగు వాలి ఉండేది. వచ్చేవాళ్ళలో సగం మంది దగ్గుతో వచ్చే మిల్లు కూలీలే.

దేవదాస్‌ది హుజూరాబాద్. తండ్రి బడిపంతులు. హైదరాబాదులో వైద్యం చదివి, చివరి ఏడు ఒక పరీక్షలో తప్పాడు. రోగి కడుపు చూసి లోపల ఏముందో చెప్పాల్సిన పరీక్ష అది. కాలేయం పెరిగిందని అతను సరిగ్గానే కనిపెట్టాడు. పరీక్ష పెట్టిన పెద్ద డాక్టరు అంతా విని ఒకటే ప్రశ్న అడిగాడు: "నువ్వు ఒత్తినప్పుడు ఆయన మొహం ఎట్లయింది?" దేవదాస్ జవాబు చెప్పలేకపోయాడు. రోగి మొహం చూడనే లేదు. ఆరునెలలు వెనకబడ్డాడు. ఆ ఆరునెలలూ ఆ పెద్ద డాక్టరు వార్డులోనే తిరిగాడు. ముందు చూడాలి, తర్వాత ముట్టుకోవాలి, ఆ తర్వాత తట్టాలి, ఆఖరున వినాలి. నొప్పి ఉన్న చోటికి చివరన పోవాలి. చేతులు కడుపు మీద ఉన్నంతసేపూ కళ్ళు మొహం మీద ఉండాలి. ఇవన్నీ అప్పుడు పట్టుబడ్డాయి. ఉద్యోగంలో చేరాక మాత్రం రోజుకు అరవై మందిని చూడాల్సి వచ్చేసరికి, ఆ వరస ఎన్నోసార్లు తప్పిపోతోందని అతనికి తెలుసు.

ఆ మంగళవారం జనం పల్చబడేదాకా ఒక పొడుగాటి ఆడమనిషి వరండాలో గోడకానుకుని నిలబడే ఉంది. యాభై దాటి ఉంటాయి. అందరూ వెళ్ళిపోయాక లోపలికి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"డాక్టర్ సాబ్, మందు కోసం రాలే. ఒక ముచ్చట జెప్పుదమని వచ్చిన."

"చెప్పు అవ్వా. ముందు కూసో."

ఆమె కింద చతికిలబడింది. పేరు చంద్రవ్వ. ఊరు భైంసాకు రెండు కోసుల దూరం. నాలుగెకరాల చెలక ఉంది.

"నాకు ఒక్కడే కొడుకు, భూమన్న. ఏడాదిన్నర కింద పాము గరిచి పోయిండు. కోడలు లింగవ్వ నాతోనే ఉంటది. ఇప్పుడామెకు ఏడో నెల."

దేవదాస్ చేతిలో కలం ఆగింది. చంద్రవ్వ అది గమనించింది.

"తీసెయ్యమని రాలే సాబ్. గట్ల అనుకోకు. ఇరవై రెండేండ్ల పిల్ల, మొగడు పోయిండు. ఏదో తప్పు జరిగింది. ఎవరని గూడ నేను అడుగలే. మాఫ్ జేసిన. శుక్రవారంనాడు కులపోళ్ళు కూసుంటున్నరు. ఊర్లకెల్లి ఎల్లగొడ్తమంటున్నరు. కాళ్ళు మొక్కి ఒప్పిచ్చుకుంట. నువ్వు కానుపు మంచిగ జెయ్యి, గంతే. పుట్టినదాన్ని నేను సాదుకుంట. కొడుకు పోయిన ఇల్లు, ఎవరో ఒకరు తిరుగాడనీ."

చెబుతున్నంతసేపూ ఆమె గొంతు వణకలేదు. ఊరంతా ఒకవైపు ఉంటే కోడలి వైపు ఒంటరిగా నిలబడ్డ ఆ మనిషిని చూస్తే దేవదాస్‌కు మనసు నిండిపోయింది. చీటీ తీసి, కోడలి పేరు రాసి, కింద 'గర్భం, ఏడు నెలలు' అని రాశాడు.

"ఏది, ఆమె?"

"బయట వేపచెట్టు కింద ఉన్నది. షరంతోని లోపలికి రాలే."

సక్కుబాయి వెళ్ళి లింగవ్వను తీసుకొచ్చింది. సక్కుబాయి దవాఖానాలో నర్సమ్మ. భైంసాలోనే పుట్టింది, ఇంట్లో మాట్లాడేది మరాఠీ. ఇరవై ఎనిమిదేళ్ళుగా కానుపులు చేస్తోంది. ఆమె చేతుల్లో పుట్టిన పిల్లలు ఇప్పుడు తమ పెళ్ళాలను కానుపులకు తీసుకొస్తున్నారు.

లింగవ్వ కొంగు నిండుగా కప్పుకుని గడప దగ్గరే ఆగింది. కొంగు ఎంత కప్పినా పొట్ట దాగడం లేదు. మెడ ఎముకలు బయటికి వచ్చాయి, చేతులు పుల్లల్లా ఉన్నాయి.

"నాకు కడుపు లేదు" అంది. అడగకముందే అంది. "అయిదు నెలలసంది జెప్తున్న. మీరు గూడ నమ్మరు. ఏం జూస్తరో చూసుకోండి."

చంద్రవ్వ తల వంచుకుని, "గిట్లనే అంటది సాబ్, ఏమనుకోకు" అంది మెల్లగా.

దేవదాస్‌కూ ఆ క్షణంలో చంద్రవ్వ మాటే నిజమనిపించింది. భయం ఉన్నవాళ్ళు అలాగే అంటారనుకున్నాడు. అయినా, "రా చెల్లె, చూసినంక మాట్లాడుకుందం" అన్నాడు.

మూత్రం నిండి ఉంటే కడుపు చూడటంలో మోసం జరుగుతుంది. ముందు సక్కుబాయి లింగవ్వను పెరటి వైపు తీసుకెళ్ళి వచ్చింది. తర్వాత తెర లాగి, చెక్క బల్ల మీద పడుకోబెట్టి, తల కింద చిన్న మెత్త పెట్టింది. మోకాళ్ళు పైకి మడవమంది. మోకాళ్ళు మడిస్తే కడుపు మీది కండలు వదులవుతాయి. చీర ఎంత అవసరమో అంతే జరిపి, కాళ్ళ మీద దుప్పటి కప్పింది. చంద్రవ్వ తలవైపు ఒక పీట మీద కూర్చుని గోడను చూస్తోంది.

చలిగా ఉంది. దేవదాస్ సూదులు ఉడుకుతున్న పొయ్యి దగ్గర రెండు చేతులూ కాచుకున్నాడు. ఒకదానితో ఒకటి రుద్ది, బుగ్గకు ఆనించి చూసుకుని, మళ్ళీ కాచుకున్నాడు. లింగవ్వ తల తిప్పి అది చూసింది. బిగించిన పిడికిళ్ళు కొంచెం వదులయ్యాయి.

ముందు ముట్టుకోలేదు. బల్ల పక్కన మోకాలి మీద కూర్చుని, తన కళ్ళు ఆమె కడుపుకు సమానంగా వచ్చేలా వంగి చూశాడు. పొట్ట నడుమ నిటారుగా లేచి ఉంది. చర్మం బిగిసి మెరుస్తోంది. ఊపిరి తీసినప్పుడల్లా కదులుతోంది. అంతకు మించి ఏ కదలికా లేదు. ఏడో నెల పిల్ల ఇంతసేపట్లో ఒకసారైనా కాలో చెయ్యో ఆడించాలి. బొడ్డు కిందికి గర్భిణులకు వచ్చే నల్లటి గీత లేదు. సక్కుబాయి కొంగు చాటున రొమ్ములు చూసి, లేదన్నట్టు తలూపింది.

"ఏం జూస్తున్నవు అన్నా గంతసేపు?" అంది లింగవ్వ.

"చూసుడే సగం పని చెల్లె. యాడ నొస్తది చెప్పు."

"నొయ్యది. ఎడమదిక్కు కింద బరువు. వంగి పత్తి ఏరుతుంటె లాగినట్టయితది."

ఎడమ వైపు కింద అంది కనుక కుడి వైపు పక్కటెముకల కింద మొదలుపెట్టాడు. అరచేయి మొత్తం ఆనించి, వేళ్ళు మొదటి కణుపుల దగ్గర మాత్రమే వంచుతూ, పైపైన మెత్తగా ఒత్తుకుంటూ వచ్చాడు. కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి. బొడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆమె పెదవి వణికింది. చెయ్యి ఆపేశాడు.

"నొచ్చిందా?"

"లేదు. నన్నెవరూ ముట్టుకోక చానా దినాలయింది. ఊర్ల నీళ్ళు గూడ పైకెల్లి పోస్తరు."

గోడను చూస్తున్న చంద్రవ్వ తల ఇటు తిరిగింది. దేవదాస్ చెయ్యి తీయలేదు, ఒత్తనూ లేదు. ఆమె ఊపిరి సర్దుకున్నాక మళ్ళీ మొదలుపెట్టాడు.

రెండోసారి కొంచెం లోతుగా చూశాడు. ఏడో నెల కడుపులో చేతికి తగలాల్సినవి ఉంటాయి. ఒకచోట గట్టిగా గుండ్రటి తల, ఒకవైపు వీపు, మరోవైపు గడ్డలు గడ్డలుగా కాళ్ళూ చేతులూ. ఇక్కడ అవేవీ లేవు. నలుమూలలా ఒకే తీరు నున్నగా, బిగుతుగా, నీళ్ళు నింపిన తోలుసంచిలా ఉంది. రెండు వైపులా చేతులు పెట్టి కదిపితే కొంచెం అటూ ఇటూ జరుగుతోంది. దాని పైఅంచు దొరికింది. కిందిఅంచు దొరకలేదు. అది కటి ఎముకల లోపలి నుంచి పైకి పెరిగి వచ్చింది.

దేవదాస్‌కు చీటీ మీద తాను రాసిన మాట గుర్తొచ్చింది. మనిషిని చూడకముందే రాసేశాడు.

ఎడమచేతి నడిమివేలు కడుపు మీద ఆనించి, దాని మీద కుడిచేతి వేలితో తట్టాడు. నడుమ తడితే మొద్దు శబ్దం. జరుగుతూ జరుగుతూ పక్కకు వెళితే డోలు మీద తట్టినట్టు బోలు శబ్దం. లింగవ్వను ఒక పక్కకు ఒత్తిగిలమని మళ్ళీ తట్టాడు. శబ్దాలు స్థానం మారలేదు.

"కుండ కొనేటప్పుడు నేను గట్లనే కొట్టి చూస్త" అంది చంద్రవ్వ. ఎప్పుడు లేచి వచ్చిందో, బల్ల పక్కనే నిలబడి ఉంది.

"అయితే నువ్వు గూడ ఇను అవ్వా. నడుమ ఎట్లున్నది?"

"నిండు కుండ లెక్క."

"పక్కలకు?"

"ఖాళీ."

"కడుపంత నీళ్ళు పట్టినోళ్ళకు పండుకుంటె నీళ్ళు పక్కలకు జారుతయి. అప్పుడు పక్కలు నిండు, నడుమ ఖాళీ. ఈమెకు ఉల్టా ఉన్నది. నీళ్ళు ఒక సంచిల కట్టేసినట్టు నడుమనే ఉన్నయి."

"నీళ్ళా?" అంది చంద్రవ్వ. ఆమెకు ఇంకా అర్థం కాలేదు.

ఇంకొకటి చూడాలి. ఒక పక్క చెయ్యి ఆనించి, రెండో పక్క వేలితో చిన్నగా కొడితే, లోపల ద్రవం ఉన్నప్పుడు దాని అల ఈ చేతికి తగులుతుంది. అయితే పైన చర్మం కూడా అలలాగే కదులుతుంది కాబట్టి, దాన్ని ఆపడానికి కడుపు నడుమ మూడో చెయ్యి నిలువుగా పెట్టి పట్టుకోవాలి. ఎప్పుడూ అలా పట్టుకునేది సక్కుబాయే. ఆమె ముందుకు వచ్చింది కూడా. దేవదాస్ ఆమెను ఆపి, చంద్రవ్వ వైపు చూశాడు.

"అవ్వా, నీ చెయ్యి గీడ పెట్టు. చెయ్యి పక్క అంచు ఆనాలె. జర గట్టిగ."

చంద్రవ్వ కదల్లేదు. లింగవ్వ కళ్ళు మూసుకుంది.

"పెట్టు అవ్వా. నాకు రెండే చేతులున్నయి."

చంద్రవ్వ చెయ్యి కొంగుకు తుడుచుకుని, కోడలి బొడ్డు మీద నిలువుగా ఆనించింది. కొడవలి పట్టి పట్టి కాయలు కాసిన చెయ్యి అది. దేవదాస్ కుడి వైపు కొట్టాడు. అల వచ్చి అతని ఎడమ అరచేతికి స్పష్టంగా తగిలింది. రెండోసారీ తగిలింది. ఇక చెయ్యి తీయొచ్చని చెప్పడం అతను మరిచిపోయాడు. ఆమె కూడా తీయలేదు.

చివరికి పిల్ల గుండె వినే చెక్క గొట్టం తీసుకుని నాలుగు చోట్ల విన్నాడు. గడియారం చూస్తూ పది నిమిషాలు విన్నాడు. తర్వాత గొట్టం సక్కుబాయికి ఇచ్చాడు. ఆమె చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి, ప్రతి చోటా విని లేచింది.

"బాళ లేదు సాబ్" అంది. "ఇన్నేండ్లల నా చెవి తప్పలే. లోపల పిల్ల లేదు."

మొదటే అడగాల్సిన ప్రశ్న దేవదాస్ అప్పుడు అడిగాడు. "చెల్లె, నెలనెలా బయట కూసుంటున్నవా?"

"మొన్న అమాస తెల్లారి కూసున్న. అంతకు ముందు నెల గూడ. అత్తకు జెప్పిన."

"మా మంత్రసాని..." చంద్రవ్వ గొంతు మొదటిసారి తడబడింది. "కడుపున్నా కొందరికి గట్ల కనబడ్తదని జెప్పింది సాబ్. నేను గదే నిజమనుకున్న."

దేవదాస్ బల్ల పక్కన నిలబడి లింగవ్వకే చెప్పాడు.

"నువ్వు జెప్పిందే నిజం చెల్లె. నీకు కడుపు లేదు. పిల్లసంచి పక్కన ఒక నీళ్ళతిత్తి పెరిగింది. ఆడోళ్ళకు గట్ల వస్తుంటది. పెండ్లి కాని పిల్లలకు గూడ వస్తది. దానికి ఎవ్వరి తప్పూ లేదు. మందుతోని కరుగది, కోసి తియ్యాలె. నిజామాబాద్ పెద్ద దవాఖానల తీస్తరు. తీస్తే బతుకంత మంచిగుంటవు. నేను గూడ ముందుగల్ల తప్పే అనుకున్న. చీటీ మీద గూడ రాసిన."

ఆ చీటీ తీసి, రాసింది కొట్టేసి, మళ్ళీ రాశాడు.

లింగవ్వ ఏడవలేదు. లేచి కూర్చుని, చీర సర్దుకుని, కాళ్ళు కిందికి వేలాడేసింది. చంద్రవ్వ ఆమె భుజం మీద చెయ్యి వేయబోయింది. లింగవ్వ పక్కకు జరిగింది.

"నన్ను మాఫ్ జేసిన్నని వాడకట్టంత జెప్పినవు గద అత్తా" అంది. నెమ్మదిగానే అంది. "ఏం జేసిన్నని మాఫ్ జేసినవు? ఊరోళ్ళు తిట్టిన్రు, నేను ఓర్సుకున్న. వాళ్ళు నాకేమైతరు? నువ్వు తిట్టలే. రోజూ ఇంత అన్నం ఎక్కువ బెట్టినవు. రెండు పానాలు తినాలె అన్నవు. ఆ బువ్వ నాకు మింగుడు పడలే. ఒక్కసారి, నా బిడ్డ అబద్ధమాడది అంటవనుకున్న. అయిదు నెలలు సూసిన."

చంద్రవ్వ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నిజామాబాద్ పోత. ఈమెతోని పోను" అంది లింగవ్వ సక్కుబాయితో.

బయట పత్తి బండి ఇరుసు చప్పుడు వినిపించింది. తర్వాత సక్కుబాయి లింగవ్వ తల నిమిరి, "నేను తోల్కపోత పోరీ. కాయ్ నై, ఏం గాదు, ఫికర్ చెయ్యకు" అంది. సక్కుబాయికి రావలసిన సెలవు ఉంది. దేవదాస్ సరేనని, గురువారం పొద్దుటి బస్సుకు వెళ్ళమన్నాడు.

చంద్రవ్వ ఒకటే అడిగింది. "సాబ్, నువ్వు జెప్పింది కాయితం మీద రాసియ్యి. మొహరు గొట్టు."

దేవదాస్ తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాడు. ఆమె దాన్ని మడిచి బొడ్లో దోపుకుని, ఎండలో ఊరి దిక్కు ఒంటరిగా నడిచి వెళ్ళింది. లింగవ్వ ఆ రెండు రోజులూ సక్కుబాయి ఇంట్లో ఉంది.

ఊళ్ళో ఏం జరిగిందో బుధవారం సాయంత్రానికే భైంసా బజారుకు వచ్చిన వాళ్ళ ద్వారా సక్కుబాయికి తెలిసింది. చంద్రవ్వ శుక్రవారం దాకా ఆగలేదు. నేరుగా కులపెద్ద హనుమండ్లు ఇంటికి వెళ్ళి, మిగతావాళ్ళను పిలిపించమంది. కాగితం హనుమండ్లు చేతిలో పెట్టింది. ఆయన చదివి వినిపించాడు. వాళ్ళలో ఒకరు, డాక్టర్లు ఎట్లయినా రాస్తారని గొణిగితే, చంద్రవ్వ లేచి నిలబడిందట.

"కాయితం మీ కోసం తెచ్చిన. నాకు కాయితం లేకుండనే తెల్వాలె, నాకు తెల్వలే. నా కోడలు ఏ తప్పు చెయ్యలే. తప్పు జేసింది నేను. మాఫ్ జేసిన్నని మీ అందరి ముంగట గొప్పలు జెప్పుకున్న. గా మాట వాపసు తీసుకుంటున్న. ఇగ మీ ఇష్టం. ఎల్లగొడ్తె నన్నే ఎల్లగొట్టున్రి."

ఎవరూ ఎవరినీ వెళ్ళగొట్టలేదు. హనుమండ్లు భార్య బిందె నిండా నీళ్ళు తెచ్చి చంద్రవ్వ ముందు పెట్టిందని చెప్పారు. ఆమె తాగకుండానే లేచి వచ్చిందనీ చెప్పారు.

సక్కుబాయి ఇదంతా లింగవ్వకు పూసగుచ్చినట్టు చెప్పింది. లింగవ్వ జొన్నలు చెరుగుతూ విన్నది. చేట ఆగలేదు. "అన్నదా?" అని మాత్రం అడిగింది.

గురువారం పొద్దున బస్సులో ముందు సీట్లో సక్కుబాయి, లింగవ్వ కూర్చున్నారు. బస్సు కదిలేముందు చంద్రవ్వ మూట పట్టుకుని ఎక్కింది. ముందుకు రాలేదు. ఆఖరి సీట్లో కూర్చుంది. బాసర స్టేషన్లో రైలు ఎక్కేటప్పుడూ వేరే డబ్బాలోనే ఎక్కింది. నిజామాబాద్ దవాఖానాలో ఆపరేషన్ కాగితం మీద ఇంటివాళ్ళు నిషాని వేయాలన్నారు. సక్కుబాయి వరండాలోకి వెళ్ళి ఆమెను పిలుచుకొచ్చింది. చంద్రవ్వ వేలిముద్ర వేసి మళ్ళీ వరండాలోకే వెళ్ళిపోయింది.

ఆదివారం భైంసా దవాఖానాకు సెలవు. దేవదాస్ పొద్దుటి బస్సుకే బయలుదేరి మధ్యాహ్నానికి నిజామాబాద్ చేరాడు. శుక్రవారం ఆపరేషన్ అయిపోయింది. తీసిన తిత్తి ఆరు శేర్ల బరువు తూగిందనీ, చెడ్డది కాదనీ అక్కడి డాక్టరు చెప్పాడు. అయితే లింగవ్వ కడుపు ఉబ్బి ఉంది, గాలి కదలడం లేదు, రెండు రోజులుగా నోట్లో చుక్క నీళ్ళు పోయలేదు.

వరండాలో చంద్రవ్వ స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. మొహం పీక్కుపోయింది. దేవదాస్‌ను చూసి లేవబోయి, తూలి, మళ్ళీ కూర్చుంది.

"ఏమన్న తిన్నవా అవ్వా?"

"పిల్ల నోట్ల నీళ్ళు గూడ పడలే. నేనేం తింట."

దేవదాస్ లోపలికి వెళ్ళాడు. లింగవ్వ అతన్ని చూసి నవ్వడానికి ప్రయత్నించింది. కట్టు మీద చెయ్యి పడకుండా, పక్కగా స్టెతస్కోపు ఆనించి విన్నాడు. మొదట ఏమీ లేదు. అలాగే వంగి ఉండిపోయాడు. రెండు నిమిషాలు గడిచాయి. ఎక్కడో దూరంగా ఒక్కసారి గుడగుడమంది. కాసేపటికి మళ్ళీ. మూడోసారి ఇంకొంచెం గట్టిగా. పేగులు మేలుకున్నాయి.

"నీ కడుపు మాట్లాడుతున్నది చెల్లె" అన్నాడు. "ఇగ కష్టం దాటింది. గంజి తాగొచ్చేమో అడుగుత."

అక్కడి డాక్టరు వచ్చి విని, సరే, చెంచాతో కొంచెం కొంచెంగా ఇవ్వండన్నాడు. సక్కుబాయి పలుచటి గంజి గిన్నెతో వచ్చింది. లింగవ్వ చెంచా నోటి దాకా రానిచ్చి ఆపింది.

"ఆమె యాడున్నది?"

"ఎవరు?" అంది సక్కుబాయి, తెలిసే.

"బస్సుల ఆఖరికి కూసున్నామె."

"వరండాల ఉన్నది. మూడు దినాలసంది గాడనే. నీ నోట్ల పడేదాంక తిననని మొండికేసింది."

లింగవ్వ పైకప్పు వంక చూస్తూ ఉండిపోయింది. కళ్ళ చివరి నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. సక్కుబాయి కొంగుతో తుడిచింది.

"రమ్మను" అంది.

చంద్రవ్వ వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉంది.

"మాఫ్ జెయ్యమని అడుగ రాలే బిడ్డా" అంది. "ఎట్లున్నవో చూసి పోత."

"అడుగకు. నా కోపం ఇంక పోలే."

"పోకున్న మంచిదే. ఉండనీ. నువ్వు గంజి తాగు."

"నువ్వు ముందుగల్ల తాగు. నిలబడతానికి పాణం లేదు, ఆపతికి నన్నెవరు చూస్తరు?"

చంద్రవ్వ సక్కుబాయి చేతిలో గిన్నె అందుకుని ఒక గుక్క తాగింది. తర్వాత మంచం పక్కన కింద కూర్చుని, చెంచాతో తీసి, ఊది, కోడలి పెదవులకు ఆనించింది. లింగవ్వ మింగింది. సక్కుబాయి తెర దగ్గరికి లాగి, దేవదాస్‌ను బయటికి తీసుకొచ్చింది. దేవదాస్ సాయంత్రం రైలుకు వెళ్ళిపోయాడు.

కుట్లు విప్పి పంపడానికి మరో రెండు వారాలు పట్టింది. సక్కుబాయి మధ్యలోనే భైంసాకు వచ్చేసింది. ఇంటికి తీసుకొచ్చే రోజు కూడా ఆదివారమే పడటంతో దేవదాస్ బాసర స్టేషన్‌కు ఎదురు వెళ్ళాడు. ఈసారి ఇద్దరూ ఒకే డబ్బాలోంచి దిగారు. లింగవ్వ మెల్లగా, నడుము నిటారుగా పెట్టుకుని నడుస్తోంది. మొహంలో కొంచెం రక్తం వచ్చింది. చీర కుచ్చిళ్ళు మామూలుగా నిలిచాయి.

భైంసా బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. స్టేషన్ బయట చెట్టునీడన ఒక రాతిబండ మీద కూర్చున్నారు. దవాఖానా అన్నం చప్పిడిగా ఉండేదనీ, జొన్నరొట్టె తినాలని ఉందనీ లింగవ్వ అంది. చంద్రవ్వ వెంటనే లేచి, ఎదురుగా ఉన్న ఇళ్ళల్లో అడిగి వస్తానని వెళ్ళింది. మూడో ఇంట్లో దొరికినట్టుంది. రెండు రొట్టెలు, ఆకులో ఇంత పప్పు పట్టుకుని తిరిగి వచ్చింది.

"కారం వద్దు అవ్వా, ఇంకో పది దినాలు" అన్నాడు దేవదాస్.

"కారం లేదని జెప్పే తెచ్చిన సాబ్."

లింగవ్వ రొట్టె తుంచి ఒక ముక్క అత్త చేతిలో, ఒక ముక్క దేవదాస్ చేతిలో పెట్టింది. వేడిగా ఉంది. ముగ్గురూ తిన్నారు. గోదావరి దిక్కు నుంచి గాలి వస్తోంది.

"ఈ ఏడు చెలకల పత్తి వద్దత్తా" అంది లింగవ్వ, నములుతూ. "పోయిన రెండేండ్లు పురుగు బట్టింది. జొన్న ఏద్దం. నడుమ నాలుగు సాళ్ళు కంది."

"కంది మన చెలకల నిలుస్తదా?"

"నిలుస్తది. ఉత్తరం దిక్కు నేల నేను చూసిన."

చంద్రవ్వ ఏదో అనబోయి, ఆగి, రొట్టె మింగింది.

"నువ్వు చూసినవు గద. గట్లనే ఏద్దం" అంది.

దూరంగా రోడ్డు మీద దుమ్ము లేచింది. బస్సు అనుకుని దేవదాస్ లేచి చూశాడు. పత్తి బండ్లు. అతను మళ్ళీ కూర్చున్నాడు. వాళ్ళిద్దరూ విత్తనం ఎవరి దగ్గర అడగాలో మాట్లాడుకుంటున్నారు.